నలభై రేలకాయలు

రోహిణి కార్తె సగం దాటిన ఒక ఉదయం అబ్రహాం పంతులు మహా హుషారుగా నిద్ర లేచాడు. ఆ రోజు ఆయన పెట్టుకున్న పని చిన్నదే. రేలకాయలు పగలగొట్టి గింజలు తియ్యాలి, వాటిని రాతి మీద కొంచెం అరగదీయాలి, కాగిన నీళ్ళు పోసి మర్నాటి దాకా మూత పెట్టాలి. అంతే. బువ్వ వేళకల్లా అయిపోతుందని భార్య బుచ్చమ్మకు మాట కూడా ఇచ్చాడు.

బచ్చన్నపేటకు నాలుగు మైళ్ళ అవతల రాళ్ళకుంట అనే ఊళ్ళో అబ్రహాం మిషను బడి నడుపుతున్నాడు. బడి అంటే నాలుగు మట్టిగోడలు, పైన రేకులు. ఎండలు ముదిరాయంటే ఆ రేకులు పెనంలా కాలేవి. కింద కూర్చున్న పిల్లలు ఎక్కాలు మాని ఉస్సురుమనేవారు. బడి చుట్టూ నీడ లేపాలని పంతులు నాలుగేళ్ళుగా నానా తంటాలు పడుతున్నాడు. వేప పెడితే మేకలు మేశాయి. కానుగ పెడితే నీళ్ళు చాలక మాడిపోయింది. అప్పుడాయనకు రేల గుర్తుకొచ్చింది. పడుచుతనంలో ఆయన భూపాలపల్లి అడవి దిక్కున, రేగొండ దాటాక ఉన్న ఒక తండాలో చదువు చెప్పాడు. నడి వేసవిలో అక్కడి చెట్లన్నీ మోడులై నిలబడితే, రేలచెట్లు మాత్రం ఒళ్ళంతా పసుపుపచ్చని పూలగుత్తులు వేలాడేసుకుని పెళ్ళికి తయారైనట్టు ఉండేవి. వాటికి నీళ్ళు పోసినవాడు లేడు, కావలి కాసినవాడు లేడు.

అయితే రెండేళ్ళు వరసగా గింజలు తెప్పించి పాతినా ఒక్కటీ మొలవలేదు. చివరికి ఆ తండాలో తన దగ్గర అక్షరాలు నేర్చుకున్న లచ్చిరాంకు కబురంపాడు. లచ్చిరాం వెదురు బండ్ల వాళ్ళ చేతికి నలభై కాయలిచ్చి పంపాడు. మూరెడు పొడుగున, నల్లగా, వేలంత లావున ఉన్న కాయలు. వాటితోపాటు ఒక ఉత్తరం. లచ్చిరాం జన్మలో రాసిన మొదటి ఉత్తరం అదే.

"సదువు, నేను గూడ ఇంట" అంది బుచ్చమ్మ, పొయ్యిలోకి పుల్లలు ఎగదోస్తూ.

పంతులు గర్వంగా గొంతు సవరించుకుని చదివాడు.

"పంతులుకు శనార్తి. నువ్వడిగిన సరుకు పంపిన. నలపై ఉన్నయి. ఉత్తగ పాతిపెడితే ఏండ్లకేండ్లు గట్లనే పడుంటయి, లేవయి. ఒక్కొక్కదాని నెత్తి రాతికి బెట్టి రుద్దాలె. సలసల కాగే నీళ్ళు మీద పొయ్యాలె. తెల్లారి చూస్తె ఉబ్బుతయి. అప్పుడు భూమిల పెట్టాలె. పది పదిహేను దినాలల్ల లేస్తయి. ఒక్కసారి లేసినయంటే ఎండకు సావయి. మేకలు ముట్టయి. నరికినా మల్ల లేస్తయి. రెండేండ్లు నువ్వు కనిపెట్టుకోని ఉండు. తర్వాత చూడు, ఎండల్ల నీ ఊరు ఊరంత ఎలిగిపోతది."

చదవడం అయ్యాక పంతులు చెయ్యి ఊరుకోలేదు. ఎర్ర పెన్సిలు తీసి తప్పులున్న చోటల్లా సున్నాలు చుట్టాడు. తర్వాత పెరట్లో రోటి దగ్గర కూర్చుని పని మొదలుపెట్టాడు.

అది నలభై తొమ్మిదో సంవత్సరం. నిజాం రాజ్యం పోయింది, రజాకార్లు పోయారు. ఊళ్ళో వాళ్ళు 'సంఘపోళ్ళు' అని పిలుచుకునే కమ్యూనిస్టుల దళాలు మాత్రం గుట్టల్లోనే ఉన్నాయి. వాళ్ళను పట్టడానికి, దొర ఖాళీ చేసిపోయిన గడిలో పోలీసు క్యాంపు దిగింది. దానికి పెద్ద, సబిన్‌స్పెక్టరు ప్రతాపరావు. బందరు పట్నంలో పుట్టి పెరిగినవాడు. వచ్చి మూడు నెలలైనా దళం మనిషి ఒక్కడూ దొరకలేదు. పైనుంచి వారానికొక చీవాటు వస్తోంది. ఆయన కింద ఎనిమిది మంది జవాన్లు. వాళ్ళలో పోశయ్య ఒక్కడే ఈ దిక్కువాడు. పోశయ్య నోరు తెరిచినప్పుడల్లా ప్రతాపరావు ముందు అతని తెలుగును దిద్దేవాడు. దిద్దడం అయ్యేసరికి విషయం ఏమిటో ఇద్దరూ మరిచిపోయేవాళ్ళు.

ఆ ఉదయం గస్తీ తిరిగి వస్తూ ప్రతాపరావు మిషను బడి దగ్గర ఆగిపోయాడు. బడి చుట్టూ మోకాలి లోతు గుంతలు, ఇరవైకి తక్కువ లేవు. పెరట్లో పెద్ద కాగులో నీళ్ళు మరుగుతున్నాయి. పంతులు చేతిలో నల్లటి గొట్టం. గోనెలో అలాంటివే మరికొన్ని. పక్కన ఒక కాగితం. ప్రతాపరావు దాన్ని లాక్కుని చదివాడు. చదువుతూంటే ఆయన కనుబొమలు టోపీ లోపలికి వెళ్ళిపోయాయి.

"ఎవరి నెత్తులయ్యా రాతికేసి రుద్దేది?"

"గింజలయి సార్" అన్నాడు అబ్రహాం. "గింజ పెంకు మస్తు గట్టిగుంటది. జర అరగదీస్తెనే లోపలికి నీళ్ళు పోతయి."

"విత్తనం మీద సలసల కాగే నీళ్ళు పోస్తే చస్తుందా, మొలుస్తుందా? నేను మరీ అంత అమాయకుణ్ణిలా కనిపిస్తున్నానా?"

ఆ ప్రశ్నకు అబ్రహాం దగ్గర మర్యాదైన జవాబు లేదు. నిజానికి ఉత్తరం చదివినప్పుడు ఆయనకూ అదే అనుమానం వచ్చింది.

"మేకలు ముట్టవు! మేకలంటే ఎవరు? మేమేగా?"

"మేకలంటే మేకలే సార్."

"ఊరు వెలిగిపోతుందట! ఎలా వెలుగుతుంది? నిప్పు పెడితే వెలుగుతుంది. నడు క్యాంపుకి!"

బుచ్చమ్మ శోకాలు పెట్టింది. ఊళ్ళో వాళ్ళు తలుపుల సందుల్లోంచి చూశారు. ఎవరూ బయటికి రాలేదు. ఆ రోజుల్లో క్యాంపు గడప తొక్కినవాడు ఎప్పుడొస్తాడో, వస్తే ఎన్ని ఎముకలతో వస్తాడో చెప్పలేని పరిస్థితి.  అబ్రహాం పోతూ పోతూ భార్యతో, "పొయ్యి ఆర్పు. కట్టెలు ఉత్తగనే కాలుతున్నయి" అన్నాడు. భయంలో మనిషికి ఏ మాట వస్తుందో ఆ మనిషికే తెలియదు.

గడి నడిమింట్లో పంచాయితీ మొదలైంది. ప్రతాపరావు ఉత్తరంలోని ఎర్ర సున్నాలు చూసి ఎగిరి గంతేశాడు. సున్నా చుట్టిన అక్షరాలన్నీ వరసగా ఒక కాగితం మీద ఎక్కించి, ముందు నుంచీ వెనక నుంచీ చదివి, అరగంట చెమటోడ్చాడు. ఏ వైపు నుంచి చదివినా అది ఏ భాషలోనూ మాట కాలేదు.

"సార్, గవి రేలకాయలు సార్" అన్నాడు తలుపు దగ్గర నిలబడ్డ పోశయ్య.

"గవి కాదు, అవి. ఏవన్నావ్? రైలా?"

"రైలు గాదు సార్. రేల."

"అదేలే. రైలును మీ యాసలో రేల అంటారన్నమాట. అందుకే నలభై గొట్టాలు! జనగామ దగ్గర రైలు పట్టాలు లేపేస్తారన్నమాట!"

పోశయ్య మళ్ళీ ఏదో అనబోయాడు. అంతలోనే ఒక జవాను సైకిలెక్కి జనగామ దారి పట్టాడు. రైలు వస్తే ఊరి బయటే ఆపాలని, పట్టాలన్నీ వెతికే దాకా కదలనివ్వకూడదని స్టేషనులో చెప్పమని ప్రతాపరావు హుకుం.

తరువాత గొట్టాల పరీక్ష. ఒకదాన్ని మెల్లగా ఊపితే లోపల గలగలమంది. జవాన్లు గోడకు అతుక్కుపోయారు. ప్రతాపరావు గుండె చిక్కబట్టుకుని దాన్ని తుపాకి మడమతో పగలగొట్టాడు. లోపల గదులు గదులుగా అరలు, అర అరకూ ఒక గింజ, దాని చుట్టూ తారులాంటి నల్లని గుజ్జు.

"ఏవిటిది?"

"మందు సార్" అన్నాడు పోశయ్య.

"మందా!" అంటూ అందరూ గుమ్మం దాకా వెనక్కి గెంతారు.

"ఆ మందు గాదు సార్. కడుపుల..."

"కడుపుల కాదు, కడుపులో. నువ్వు కాసేపు ఊరుకో!"

తుపాకి మందు నాలిక మీద పెడితే ఉప్పగా ఉంటుందని శిక్షణలో ప్రతాపరావుకు ఎవరో చెప్పారు. ఆయన ధైర్యవంతుడే. చూపుడు వేలితో కొంచెం గుజ్జు తీసి నాలికకు రాసుకున్నాడు. 

"తియ్యగా ఉందే!"

"సార్, నా మాట జర వినున్రి. అది తినేది గాదు" అన్నాడు అబ్రహాం మూలనుంచి.

"ముద్దాయి మాట్లాడకూడదు. ఇది ఏదో కొత్త రకం మందు. రష్యావాళ్ళ పని. ఎవరికీ అనుమానం రాకూడదని తీపి కలిపారు." మరింత కచ్చితంగా తేల్చుకోవడానికి ఆయన ఇంకో రెండుసార్లు, ఈసారి రెండు వేళ్ళతో, రుచి చూశాడు.

జవాన్లు తీపి ముఖం చూసి మూడు నెలలైంది. రోజూ జొన్నన్నం, కారం. సబిన్‌స్పెక్టరుగారే పరీక్ష చేస్తే తామెందుకు చెయ్యకూడదనిపించింది. ఒకడు ఖర్జూరంలా ఉందన్నాడు. ఒకడు బెల్లంలో నానిన చింతపండులా ఉందన్నాడు. తలా రెండు కాయలు పగలగొట్టి, గుజ్జును గింజలతో సహా చప్పరించి మింగారు.

పోశయ్యకు మనసాగలేదు. కడసారి ప్రయత్నించాడు. "సార్, గది తింటె..."

"తింటె కాదయ్యా! తింటే! దీర్ఘం తియ్యి!"

పోశయ్య దీర్ఘం తియ్యలేదు. నోరు మూసుకున్నాడు. చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడి వాళ్ళు తినడం పూర్తయ్యేదాకా మర్యాదగా చూశాడు.

మిగిలిన కాయల్ని క్యాంపులో ఉంచడం ప్రమాదమని ప్రతాపరావు గడి ముందర గుంట తవ్వించి, కట్టెలు పేర్చి నిప్పు పెట్టించాడు. అందరూ గోడ చాటున బోర్లా పడుకుని చెవులు మూసుకున్నారు. కాయలు చిటపటమని కాసేపు కాలి బూడిదయ్యాయి. "చెమ్మ తగిలి చచ్చినట్టుంది" అన్నాడు ప్రతాపరావు, కొంచెం నిరాశగా. గదిలో పెట్టి గొళ్ళెం వేసిన అబ్రహాం కిటికీ చువ్వల్లోంచి ఆ పొగ చూస్తూ కళ్ళు తుడుచుకున్నాడు. రెండేళ్ళు ఎదురుచూసి తెప్పించుకున్న సరుకు అది. పాపం లచ్చిరాం ఏరి ఏరి మంచి కాయలు పంపాడు.

పొద్దు నడినెత్తి దాటింది. మొదట ఒక జవాను పొట్ట పట్టుకుని, "ఇప్పుడే వస్తా" అని గడి వెనక వాగు ఒడ్డుకు పోయాడు. అతను రాకముందే ఇంకొకడు పోయాడు. ఆ తర్వాత చెప్పిపోయే ఓపిక ఎవరికీ లేకపోయింది. క్యాంపులో ఉన్నవి మూడే చెంబులు. వాటి కోసం జవాన్ల మధ్య చిన్నపాటి యుద్ధం జరిగింది. ప్రతాపరావు హోదా చూపి ఒక చెంబు సంపాదించాడు కానీ, దాన్ని కింద పెట్టే తీరిక ఆయనకు సాయంత్రం దాకా దొరకలేదు.

"విషం!" అని మూలిగాడు, ఆరోసారి తిరిగొచ్చి అరుగు మీద వాలుతూ. "పంతులు విషం పెట్టాడు!"

"నేను పెట్టలే సార్" అన్నాడు అబ్రహాం లోపలినుంచి. "నేను వద్దంటనే ఉన్న."

రెండు గంటలయ్యేసరికి గడిలో తిన్నగా నిలబడగలిగినవాడు పోశయ్య ఒక్కడే. అతను అబ్రహాం ఉన్న గది గొళ్ళెం తీశాడు. "పంతులూ, తలుపు తెరిచే ఉన్నది. పోతె పో. ఆపేటోడు లేడు."

అబ్రహాం బయటికొచ్చి చుట్టూ చూశాడు. గుమ్మం నాలుగడుగుల దూరంలో ఉంది.  అరుగు మీద, మెట్ల మీద, మొక్కజొన్న చేను వడలినట్టు పడివున్న జవాన్లు కనిపించారు. ఒకడు అమ్మను తలుచుకుంటున్నాడు.

"నేను పోతె నిన్ను నిలబెట్టి అడుగుతరు" అన్నాడు పంతులు. "అయినా నా ఇల్లు ఊళ్ళెనే ఉండె, యాడికి పోవాలె? ముందుగాల పొయ్యి ముట్టియ్యి. గంజి కాద్దాం."

అదే సమయానికి, భర్తను కొట్టి చంపి ఉంటారని నిశ్చయించుకున్న బుచ్చమ్మ, శవాన్నైనా ఇవ్వమని అడగడానికి ఏడుస్తూ గడికి వచ్చింది. వాకిట్లో అబ్రహాం చొక్కా చేతులు మడిచి గంజి కలుపుతున్నాడు.

"బుచ్చమ్మా, మంచిగొచ్చినవు. రెండు కుండల మజ్జిగ కావాలె. ఉప్పేసి తే."

"ఎవలకయ్యా?"

"నన్ను పట్టుకొచ్చినోళ్ళకు."

బుచ్చమ్మ ఏడుపు ఆపి, అరుగు వైపు ఒకసారి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మజ్జిగకు పోయింది.

ఇక జనగామలో జరిగింది వేరే కథ. ఆ మధ్యాహ్నం వచ్చిన రైలును ఊరికి రెండు మైళ్ళ అవతల ఆపేశారు. ఎండ నిప్పులు కురుస్తోంది. పట్టాల వెంట మనుషులు వంగి వంగి బాంబుల కోసం వెతికారు. రెండు గంటలు గడిచాక పెట్టెలోంచి ఒక పెద్దమనిషి చెమటలు కక్కుతూ దిగి, కంకర రాళ్ళ మీద స్టేషను దాకా నడిచాడు. ఆయన జిల్లా పోలీసు పెద్ద. రైలును ఎవరాపారని అడిగి, జీపు తెప్పించుకుని, నేరుగా రాళ్ళకుంటకు బయలుదేరాడు.

జీపు గడి ముందు ఆగేసరికి సాయంత్రం అయిదు గంటలకు కాస్త అటూ ఇటూ. కావలివాడు లేడు. తుపాకులు గోడకు చేరగిలి ఉన్నాయి. లోపల, రైలును పేల్చబోయిన భయంకర ముద్దాయి, సబిన్‌స్పెక్టరు తలను ఎడమ చేత్తో ఎత్తిపట్టుకుని కుడి చేత్తో మజ్జిగ తాగిస్తున్నాడు.

"ఒక్క గుటక సార్. అన్నీ సర్దుకుంటయి" అంటున్నాడు, బడిపిల్లవాణ్ణి బుజ్జగించినట్టు.

జీపు దిగిన పెద్ద దొర కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఉత్తరం తెప్పించి అబ్రహాంనే చదవమన్నాడు. పంతులు చదివాడు. వేడినీళ్ళు పోస్తే విత్తనం చావదా అని దొర కూడా అడిగాడు. "మామూలు ఇత్తనమైతె సస్తది సార్. రేల గింజ పెంకు రాయి లెక్కుంటది. దానికి గంత కష్టం పెడ్తెనే కండ్లు తెరుస్తది" అన్నాడు పంతులు. ఈ ఒక్క రోజులో ఆయనకు ఆ సంగతి మీద అనుమానం పూర్తిగా తీరిపోయింది.

దొర పోశయ్య వైపు తిరిగాడు. "నువ్వు ఈ ప్రాంతం వాడివేగా? ఇది రేలకాయ అని, తింటే విరేచనాలవుతాయని నీకు తెలియదా?"

"ఎరుకే సార్."

"మరి చెప్పలేదేం?"

"మూడుసార్లు చెప్పిన సార్. మూడుసార్లు నా తెలుగు దిద్దిన్రు."

దొర మీసాలు కదిలాయి. ఆయన నవ్వాడో కోప్పడ్డాడో ఎవరికీ తెలియలేదు. అబ్రహాంను వెంటనే ఇంటికి పంపించమన్నాడు. ప్రతాపరావుతో ఏదో మాట్లాడబోయాడు కానీ, అప్పటికే ప్రతాపరావు చెంబు అందుకుని పరుగెత్తాడు.

ఇంటికి చేరాక బుచ్చమ్మ భర్తకు దిష్టి తీసింది. అది క్రైస్తవుల ఆచారం కాదని పంతులు అనబోయి, ఆమె ముఖం చూసి ఊరుకున్నాడు. "పాణం దక్కింది. ఇగ చెట్ల ముచ్చట ఎత్తకు" అందామె. ఆయన ఎత్తలేదు. కానీ మృగశిర వానలకు ఆ ఇరవై గుంతలూ నీళ్ళతో నిండితే, బడి అరుగు మీద కూర్చుని వాటిని చూస్తూ రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

ఆషాఢంలో ఒక ఉదయం పోశయ్య బడికొచ్చాడు. "పంతులూ, జర రా. ఒకటి చూపిస్త."

గడి వెనకకు, వాగు ఒడ్డుకు తీసుకుపోయాడు. తుమ్మ తుప్పల మధ్య, బండల పక్కన, ఒక్కోచోట మూడేసి నాలుగేసి, జానెడు ఎత్తున లేత మొక్కలు నిలబడి ఉన్నాయి. జంటలు జంటలుగా ఆకులు, నిగనిగలాడుతున్నాయి. అబ్రహాం మోకాళ్ళ మీద కూలబడి ఆకును ముట్టుకున్నాడు. రేల! ఒకటి కాదు, ఇరవై మూడు.

"గిక్కడికెట్ల వచ్చినయి? ఎవలు నాటిన్రు?"

పోశయ్య ఆకాశం వైపు చూశాడు.

పంతులును పోలీసులు పట్టుకుపోయారన్న కబురు అడవికి ఆలస్యంగా చేరి, ఆ వారమే లచ్చిరాం ఆదరాబాదరా రాళ్ళకుంటకు వచ్చాడు. జరిగిందంతా విని, మొక్కల దగ్గర గొంతుక్కూర్చుని, పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు.

"మా అడివిల ఎలుగొడ్డు ఈ కాయల్ని తింటది పంతులూ. అది దొడ్డికి పోయినకాడనే రేల మంచిగ మొలుస్తది. కడుపుల వేడికి పెంకు మెత్తవడ్తది. వేడినీళ్ళకంటె అదే నయం."

"మరి ఉత్తరంల రాయకపోతివి?"

"పంతులుకు రాసే కాయిదంల గసువంటి మాట బాగుండదని ఇడిసిపెట్టిన."

లచ్చిరాం మబ్బు పట్టిన రోజు చూసి, వేరు లోతుకు దిగకముందే, మట్టిగడ్డతో సహా మొక్కల్ని లేపాడు. పోశయ్య తట్ట మోశాడు. బుచ్చమ్మ ఇంకో మూడు గుంతలు తవ్వింది. పసులు తొక్కకుండా చుట్టూ కంప కొట్టారు. మేకలు వచ్చి వాసన చూసి పోయాయి. ఒక్కటి కూడా ముట్టలేదు. వానలు ఆగాక పది రోజులకొక కుండ చొప్పున నీళ్ళు పోశారు, మొదటి వేసవి గడిచేదాకా. అటుపైన అదీ మానేశారు. మొక్కలు ఎండను లెక్కచెయ్యకుండా పైకి లేచాయి.

మరుసటి ఏడు ప్రతాపరావుకు బదిలీ అయింది. పోయేముందు ఆయన క్యాంపు పనుల మీద పైకి నివేదిక రాసుకోవాలి. చూపించడానికి పట్టుకున్న దళం లేదు, దొరికిన తుపాకి లేదు. బడి వైపు నడుచుకుంటూ పోయి, మనిషెత్తు పెరిగిన మొక్కల్ని చాలాసేపు చూశాడు. అవి ఎక్కడినుంచి వచ్చాయో ఆయనకు ఎవరూ చెప్పలేదు. పోశయ్యను అడిగితే, "క్యాంపోళ్ళ కష్టమే సార్" అన్నాడు. ఈసారి ప్రతాపరావు అతని తెలుగును దిద్దలేదు. తిన్నగా వెళ్ళి కాగితం తీసి, తాము లొంగదీసిన గ్రామాలు, చెదరగొట్టిన దళాలు, భగ్నం చేసిన కుట్రలు అన్నీ వివరంగా రాసి, చివర ఒక వాక్యం చేర్చాడు: "ఇదిగాక, మా సిబ్బంది స్వయంగా శ్రమించి ఈ గ్రామమునకు ఇరవై మూడు రేలచెట్లు సమకూర్చినారు."

ఆరు పేజీల ఆ నివేదికలో నిజమైన వాక్యం అదొక్కటే.